న్యాయదినము: మన హక్కు, మన కర్తవ్యము
(విజయవాడలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభ యందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభ మాకు అప్పగించిన విషయము న్యాయదినమును గూర్చినది. ప్రతి సంవత్సరమును నవంబరు 26వ తేదీని ప్రభుత్వమువారు రాజ్యాంగ దినముగా జరుపుచున్నారు. మన రాష్ట్రమందు ఆ దినమును కేవలము ప్రతిజ్ఞ చదువు దినముగా విడువక, న్యాయవ్యవస్థను గౌరవించు దినముగను, ఆ వ్యవస్థ ప్రజల యెదుట తన లెక్క యప్పగించు దినముగను ప్రభుత్వపు టుత్తరువుచే స్థిరపఱుపవలయునని కోరు తీర్మానమొకటి విషయ నిర్ణయ సభవారి పరిశీలనలో నున్నది. దానిని బలపఱచుటకే మేము మీ యెదుట నిలిచితిమి.

ఈ తీర్మానపు మాట వినినంతనే మన సోదరులు కొందఱు ఒక ప్రశ్న వేసిరి. “న్యాయస్థానములకు ఉత్సవము చేయవలసిన యవసరము మనకేమి వచ్చినది? అవి మనకు చేసిన యుపకార మెంత?” అని వారడుగుచున్నారు. ఈ ప్రశ్న కోపముచేత పుట్టినది గాదు, అనుభవముచేత పుట్టినది. కావున దానికి ప్రత్యుత్తరము చెప్పకుండ ముందునకు పోవుట న్యాయము గాదు. ఈ యుపన్యాసమంతయు ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమే యని మీరు భావింపవచ్చును.

మొదట మన పూర్వచరిత్రను కొంచెము స్మరింతము. ఈ బెజవాడ పట్టణమునకు మన చరిత్రలో విశిష్ట స్థానము గలదు. 1917వ సంవత్సరము నవంబరు మాసమున ఇచ్చట పంచమ మహాజనసభ యను పేర నొక సభ భాగ్యరెడ్డివర్మగారి యధ్యక్షతను సమావేశమయ్యెను. గూడూరు రామచంద్రరావుగారు ఆ సభకు తోడ్పడిరి. అధ్యక్షులవారు పంచమ శబ్దమును త్రోసిపుచ్చి, మనము ఈ దేశమునకు మొదటివారము గావున ఆది ఆంధ్రులమని చాటిరి. పంచమ సభగా ఆరంభమైన యా సభ ఆది ఆంధ్ర సభయై ముగిసెను. 1922లో మదరాసు ప్రభుత్వమువారు ఆ పేరును తమ కాగితములలో నంగీకరించిరి.

దీనిని సామాన్యమైన సంగతిగా తలపరాదు. మనిషి పేరు సర్కారు దస్తావేజులో ఎట్లు వ్రాయబడునో, ఊరిలో అతనిని అట్లే పిలుతురు. మనవారు అయిదు సంవత్సరములలో మాటను దస్తావేజుగా మార్చిరి. కఱ్ఱ పట్టలేదు, ఎవ్వరిని దూషింపలేదు. సభ కూడిరి, తీర్మానించిరి, అర్జీ పెట్టిరి, వ్రాయించుకొనిరి. చట్టమను సాధనమును మనవారు ఎంతకాలము క్రిందటనే గుర్తెఱిగిరో దీనివలన తెలియుచున్నది.

అటుపిమ్మట 1938లో మదరాసు శాసనసభ పౌర నిర్బంధముల తొలగింపు చట్టమును చేసెను. ప్రభుత్వపు సొమ్ముతో నిలిచియున్న బాటలు, బావులు మొదలగు వానియందు ఎవ్వరిని కులకారణమున అడ్డగింపరాదని అది శాసించెను. 1947లో దేవాలయ ప్రవేశ చట్టము వచ్చెను. కృష్ణా డెల్టాలో నీటికి కొఱతలేదు. అయినను కాలువ రేవున ఎవరు ముందు నీరు ముంచుకొనవలయునో, ఎవరు దూరముగా నిలువవలయునో నిర్ణయించునది నీరు గాదు, ఆచారము. ఆ యాచారమునకు ఎదురు నిలువగల బలము చట్టమునకే కలదని పెద్దలు గ్రహించిరి.

చట్టము లేని కాలమందు మన స్థితి యెట్టిదో తెలియవలెనన్న జాషువ మహాకవి 1941లో ప్రకటించిన గబ్బిలమును చదువవలయును. అందలి అరుంధతీసుతునకు తన మొఱ చెప్పుకొనుటకు మనిషి దొరకలేదు. కచ్చేరి లేదు, పంచాయతీ లేదు, గుడివాకిలి లేదు. కడకు గుడిలోనికి నిరాటంకముగ పోగల గబ్బిలమును పిలిచి, తన గోడు శివునకు విన్నవింపుమని వేడుకొనెను. ఆ కావ్యమును చదివి కన్నీరు పెట్టుకొనువారు ఒక్క సంగతి యాలోచింపవలయును. మొఱ వినవలసిన పీఠము ఈ లోకమందు లేనప్పుడే మనిషి పక్షిని పిలుచును. అట్టి పీఠము ఏర్పడిన దినమే మనకు పండుగ దినము.

ఆ పీఠమేర్పడిన దినము 1949 నవంబరు 26. రాజ్యాంగ నిర్మాణ సభ ఆనాడు భారత రాజ్యాంగమును అంగీకరించెను. 1950 జనవరి 26న అది సంపూర్ణముగ నమలులోనికి వచ్చెను. రెండు తేదీలును గొప్పవే. కాని రాజ్యాంగ పీఠికలో వ్రాయబడిన తేదీ నవంబరు 26 యని మఱువరాదు. ప్రజలు తమకు తాము శాసనము చేసికొనిన దినమది. ఎవ్వరో దొరలు దయదలచి యిచ్చినది గాదు.

ఆ మహాకార్యమందు మన తెలుగుసీమ పాలు తక్కువది గాదు. ముసాయిదా సంఘమునకు డాక్టరు బాబాసాహెబు అంబేద్కరుగారు అధ్యక్షులు. నెల్లూరుసీమలో జన్మించిన అల్లాడి కృష్ణస్వామయ్యరుగారు, మన బందరున జన్మించిన న్యాపతి మాధవరావుగారు ఆ సంఘమందు సభ్యులు. ప్రకాశము పంతులుగారు, పట్టాభి సీతారామయ్యగారు, రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయమ్మగారు నిర్మాణ సభయందు కూర్చుండిరి. కొచ్చి దేశమునుండి వచ్చిన దాక్షాయణీ వేలాయుధన్ గారు ఆ సభలోని యేకైక దళిత మహిళ. 1948 నవంబరు 29న అంటరానితనమును రద్దుచేయు నిబంధన ఆ సభలో నంగీకరింపబడెను. అదియే నేటి 17వ అధికరణము. దానిని చదువుటకు అరనిమిషము చాలును. దానిని సంపాదించుటకు ఎన్ని తరములు పట్టినవో మీరెఱుగుదురు.

అయితే రాజ్యాంగము అంగీకరింపబడుటకు ముందటి దినమున, నవంబరు 25న, బాబాసాహెబుగారు సభకు చేసిన హెచ్చరిక మన చెవులలో మ్రోగుచుండవలయును. రాజకీయములందు సమానత్వము, సంఘజీవనమందును ఆర్థికజీవనమందును అసమానత్వము గల వైరుధ్యములోనికి మనము ప్రవేశింపబోవుచున్నామనియు, దానిని త్వరగా తొలగింపనిచో బాధితులే యీ కట్టడమును కూల్చివేయుదురనియు వారు చెప్పిరి. పండుగకు ముందటి దినముననే లెక్క చెప్పిన మహనీయుడాయన. న్యాయదినము ఎట్లు జరుపవలయునో ఆయన యప్పుడే మనకు చూపెను.

ఈ దినోత్సవము ఎట్లు వచ్చినదో ఇక విన్నవింతుము. 1979లో సర్వోన్నత న్యాయస్థానపు న్యాయవాదుల సంఘము, ఎల్. ఎం. సింఘ్వీగారి నాయకత్వమున, నవంబరు 26ను న్యాయదినముగా పాటింపవలయునని నిర్ణయించెను. నాటినుండి న్యాయస్థానములందును న్యాయవాదుల సంఘములందును ఆ దినమున సభలు జరుగుచు వచ్చెను. 2015లో, అంబేద్కరుగారి 125వ జయంతి సంవత్సరమున, కేంద్ర ప్రభుత్వమువారు దానినే రాజ్యాంగ దినముగా ప్రకటించిరి. ఇట్టి ఆచారము ఇతర దేశములందును కలదు. అమెరికాలో 1958లో అధ్యక్షుడు ఐసెన్‌హోవరు మే నెల 1వ తేదీని న్యాయదినముగా ప్రకటించెను. 1961లో అచ్చటి శాసనసభ దానిని స్థిరపఱచెను.

1979వ సంవత్సరమందే మఱియొక సంగతి జరిగెను. బీహారు చెఱసాలలలో విచారణ లేకుండ సంవత్సరములకొలది మ్రగ్గుచున్న పేదల విషయమై హుస్సేనారా ఖాతూన్ కేసులో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. త్వరితముగ విచారణ పొందుట మనుష్యుని జీవనహక్కులో భాగమని ఆ తీర్పు చాటెను. ఒకే సంవత్సరమున న్యాయవాదులు న్యాయమునకు దినోత్సవము కల్పించిరి. న్యాయస్థానము చెఱసాలలోని పేదవానికి తలుపు తెఱచెను. ఈ రెంటిలో నేది న్యాయమునకు నిజమైన గౌరవమో మేము వేఱుగ చెప్పనక్కఱలేదు. రెండును కలిసి జరుగవలయుననియే మా వాదము.

ఇప్పుడు సోదరుల ప్రశ్నకు వత్తము. న్యాయస్థానములు మనకేమి చేసినవి? ఈ డెల్టాలోనే జరిగిన సంగతిని దాచక చెప్పుదుము. 1991 ఆగస్టు 6న నాటి గుంటూరు జిల్లాలోని చుండూరులో మనవారు ఎనిమిదిమంది హతులైరి. శవములను గోనెసంచులలో కట్టి కాలువలో పడవేసిరి. అంతకు ఆఱు సంవత్సరములు ముందు, 1985 జూలై 17న, కారంచేడులో ఆఱుగురు చంపబడిరి. ఈ ఘోరములకు దేశము తలవంచుకొనెను. 1989లో షెడ్యూల్డు కులములపై అత్యాచారముల నిరోధక చట్టము పార్లమెంటుచే చేయబడి 1990 జనవరి 30న అమలులోనికి వచ్చెను. చుండూరు ఘోరము ఆ చట్టము అమలైన తరువాతనే జరిగినది.

చుండూరు బాధితులు ఒక కోరిక కోరిరి. విచారణ దూరపు పట్టణములో గాక తమ గ్రామమందే జరుగవలయునని పట్టుపట్టిరి. కడకు ప్రత్యేక న్యాయస్థానము చుండూరులోనే కొలువుదీరెను. కూలిపని చేసికొను సాక్షులు తమ యిండ్లనుండి నడచి వచ్చి వాఙ్మూలమిచ్చిరి. 2007 జూలై 31న ఆ న్యాయస్థానము 21 మందికి యావజ్జీవ కారాగారమును, 35 మందికి ఒక్కొక్క సంవత్సరపు శిక్షను విధించెను. సంఘటనకును తీర్పునకును నడుమ పదునాఱు సంవత్సరములు గడచెను. 2014 ఏప్రిల్ 22న ఉన్నత న్యాయస్థానము ఆ శిక్షలను కొట్టివేసెను. దానిపై సర్వోన్నత న్యాయస్థానమునకు అప్పీళ్లు పోయెను. భర్తలను, బిడ్డలను పోగొట్టుకొనిన తల్లుల కండ్లయెదుట ఇన్ని సంవత్సరములు నడచిపోయెను. ఇట్టివారి యొద్దకు పోయి న్యాయదినము జరుపుకొనుడని చెప్పుటకు నోరెట్లు వచ్చునని యడిగినచో, ఆ యడుగువారిని మేము తప్పుపట్టజాలము.

అయినను ఆలోచింపుడు. చుండూరు తల్లులు ఆ పదునాఱు సంవత్సరములు ఏమి కోరిరి? కత్తికి కత్తి కోరలేదు. కోర్టు కావలెననిరి, అదియు తమ యూరికే రావలెననిరి. న్యాయవ్యవస్థ మీద వారికున్నంత పట్టుదల దానిని నడుపువారిలో నెందఱికుండెనో మేమెఱుగము. కారంచేడు సంఘటన తరువాత బొజ్జా తారకముగారు ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా యిచ్చిరి. గోదావరి డెల్టాలో పుట్టిన ఆ మహాశయుడు పదవిని విడిచెనేగాని న్యాయస్థానమును విడువలేదు. 2016లో కాలధర్మము చెందువఱకు పేదల పక్షమున వాదించుచునే యుండెను. న్యాయస్థానము మనకు అన్యాయము చేసినదని తోచినప్పుడు దానిని విడిచిపోవుట మన శత్రువులకు సంతోషము. దానిని పట్టుకొని సరిచేయుట మన పెద్దలు చూపిన బాట.

డెల్టా వాసులకు సులభముగ బోధపడు నొక సంగతి చెప్పుదుము. బెజవాడ యొద్ద కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తి యయ్యెను. దాని స్థానమున 1957లో ప్రకాశము బ్యారేజి నడచుటకు మొదలిడెను. బ్యారేజి యొద్ద నీరు నిండుగ నున్నదని చూచి శివారు రైతు సంతోషింపడు. ప్రధాన కాలువ, పిల్లకాలువ, తూము, బోదె దాటి, లస్కరు గేటు ఎత్తి, తన చేనిలో నీరు పారినప్పుడే అతడు నీరు వచ్చినదనును. నీరు రాలేదని అతడు ఆనకట్టను పగులగొట్టుమనడు. కాలువ పూడిక తీయుమనును. న్యాయమునకును ఇదే కొలత. రాజధానిలో పాలఱాతి మెట్లుగల న్యాయస్థానము కాలువ తల వంటిది. దళితవాడలోని విధవరాలి గుడిసె శివారు చేను వంటిది. న్యాయదినమనగా తలయొద్ద దీపములు పెట్టు దినము గారాదు. శివారువఱకు నడచి పూడిక చూచు దినము కావలయును.

ఈ నగరమందే రెండు కట్టడములు కలవు. 2022 ఆగస్టు 20న నూతన న్యాయస్థాన భవన సముదాయమును నాటి భారత ప్రధాన న్యాయమూర్తి ఎన్. వి. రమణగారు ప్రారంభించిరి. ఆయన ఈ కృష్ణాసీమలోని పొన్నవరమను పల్లెలో పుట్టినవారు. పల్లెలో పుట్టినవాడు దేశపు అత్యున్నత న్యాయపీఠ మెక్కుట మనకందఱకు గర్వకారణము. 2024 జనవరి 19న స్వరాజ్య మైదానమున బాబాసాహెబుగారి 125 అడుగుల విగ్రహము 81 అడుగుల పీఠముమీద ఆవిష్కరింపబడెను. అమరావతిలో 2019 జనవరి 1 నుండి మన రాష్ట్రమునకు ప్రత్యేకముగ ఉన్నత న్యాయస్థానము కలదు. 1954లో ఆంధ్ర రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము గుంటూరున వెలసి, 1956లో హైదరాబాదునకు తరలిపోయినది. మఱల కృష్ణాతీరమునకు చేరినది. విగ్రహమున్నది, భవనమున్నది, పీఠమున్నది. ఇక కావలసినది దారి. విగ్రహపు పాదములయొద్ద పూలమాల యుంచిన పేదవాడు అదే దినమున న్యాయస్థానపు మెట్లెక్కి తన కాగితము ఏ మూల నున్నదో తెలిసికొనగలుగవలయును. అట్టి దినమునే మేము న్యాయదినమందుము.

కావున ప్రభుత్వపు టుత్తరువులో ఏమేమి యుండవలయునో మా యభిప్రాయము విన్నవించుచున్నాము.

మొదటిది, లెక్క. అత్యాచారముల నిరోధక చట్టము 2015లో సవరింపబడి 2016 జనవరి 26 నుండి అమలులోనున్నది. అభియోగపత్రము దాఖలైన పిమ్మట సాధ్యమైనంతవఱకు రెండు మాసములలో విచారణ ముగియవలయునని ఆ చట్టము చెప్పుచున్నది. 1995 నియమముల ప్రకారము జిల్లా కలెక్టరు అధ్యక్షతనుండు పర్యవేక్షక సంఘము మూడు మాసముల కొకమాఱైనను కూడవలయును. ముఖ్యమంత్రి అధ్యక్షతనుండు రాష్ట్ర సంఘము జనవరియందును జూలైయందును సమావేశము కావలయును. ప్రతి జిల్లాలో ఈ సంఘము లెన్నిమాఱులు కూడెనో, రెండు మాసముల గడువు దాటిన కేసు లెన్నియో, నష్టపరిహారము ముట్టనివారెందఱో న్యాయదినమున జిల్లా కేంద్రమందు బహిరంగముగ చదివి వినిపింపవలయును. ఇది క్రొత్త హక్కును కోరుట గాదు. ఉన్న చట్టమును బిగ్గరగా చదువుమనుట.

రెండవది, సహాయము. 1976లో రాజ్యాంగమందు చేర్చబడిన 39-ఏ అధికరణము పేదలకు ఉచిత న్యాయసహాయము చేయవలయునని ఆదేశించుచున్నది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చెను. అందుచేత ఆ తేదీని న్యాయసేవల దినముగా జరుపుచున్నారు. ఆ చట్టపు 12వ విభాగము ప్రకారము షెడ్యూల్డు కులములవారికిని, షెడ్యూల్డు తెగలవారికిని, స్త్రీలకును, బాలురకును ఆదాయ పరిమితితో నిమిత్తము లేకుండ న్యాయవాది సహాయము ఉచితముగ లభించును. 15100 అను సంఖ్యకు ఫోను చేసినను సహాయము కోరవచ్చును. లోక్ అదాలతులో రాజీపడిన తగవునకు చెల్లించిన కోర్టు రుసుము తిరిగివచ్చును. దానిపై అప్పీలు లేదు. ఈ సంగతులు మన వాడలలో ఎందఱెఱుగుదురు? నవంబరు 9 మొదలు 26 వఱకు పదునెనిమిది దినములు న్యాయాధికారులును న్యాయవాదులును గ్రామములకు వచ్చి, వాడవాడలయందు అర్జీలు వ్రాసిపెట్టు కార్యమును ప్రభుత్వము నిర్ణయింపవలయును.

మూడవది, భాష. 1966లో తెలుగు అధికారభాషగా శాసింపబడెను. ఉన్నత న్యాయస్థానపు వ్యవహారము రాజ్యాంగపు 348వ అధికరణము ననుసరించి ఆంగ్లమందు జరుగుచున్నది. దానిని మార్చుట మన చేతిలోని పని గాదు. కాని తీర్పు పొందినవానికి ఆ తీర్పుసారాంశము తెలుగులో నొక కాగితముపై ఇచ్చుట అసాధ్యము గాదు. తాను గెలిచెనో ఓడెనో గుమాస్తా ముఖము చూచి తెలిసికొనవలసిన దురవస్థ మనవారికి తీఱవలయును.

నాల్గవది, విద్య. ఆ దినమున పాఠశాలలయందు పీఠిక చదివించుటతో తృప్తిపడక, విద్యార్థులను సమీపపు న్యాయస్థానమునకు తీసికొనిపోయి, విచారణ యెట్లు జరుగునో చూపవలయును. ఫిర్యాదు నమోదైన పిమ్మట దాని ప్రతి ఫిర్యాదికి ఉచితముగ ఇయ్యవలయునన్న సామాన్య సంగతి తెలిసిన బాలిక ఇంటిలో నొకతె యున్నచో, ఆ యింటివారిని ఠాణాలో త్రిప్పి పంపుట సులభము గాదు.

మహాశయులారా! ప్రభుత్వము చేయవలసినది చెప్పితిమి. మనము చేయవలసినదియు కలదు. ఇతరుల తప్పులు లెక్కించుట సులభము; తన యింటిని చక్కపెట్టుకొనుట కష్టము. మన వాడలలో కులపెద్దలు కూర్చుండి జుల్మానాలు విధించుట, వెలివేయుట నేటికిని అక్కడక్కడ జరుగుచునే యున్నది. భర్త కొట్టిన స్త్రీ ఠాణాకు పోయినచో కులము పరువు పోయెనని నిందించువారు మనలోనే కలరు. బాలికకు పదునెనిమిది నిండకముందే పెండ్లి చేసి, శుభలేఖలో మాత్రము చట్టబద్ధమైన పేళ్లు వేసికొనువారును కలరు. ఊరివారు మనయెడల చట్టము పాటింపవలయునని కోరు మనము, మన యాడబిడ్డల యెడల పాటింపకుండుట ఏ ధర్మము? చట్టము వీధివఱకే వచ్చి గడప యొద్ద ఆగిపోదు.

మనలో మనకు నున్న తగవునుగూర్చియు ఒక్క మాట. షెడ్యూల్డు కులముల వర్గీకరణ విషయమై మన సోదరకులముల నడుమ చిరకాలముగ భేదాభిప్రాయము కలదు. మన రాష్ట్రము 2000లో చేసిన చట్టమును 2004లో సర్వోన్నత న్యాయస్థానము కొట్టివేసెను. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల పీఠము ఆ పూర్వపు తీర్పును త్రోసివేసి, రాష్ట్రములకు వర్గీకరణాధికారము కలదని తీర్పు చెప్పెను. ఒకప్పుడు ఒకరు సంతసించిరి, మఱియొకప్పుడు మఱియొకరు. ఆ వివాదమందు ఎవరి పక్షము సరియైనదో చెప్పుట ఈ యుపన్యాస విషయము గాదు. కాని గమనింపుడు: ఇరువది సంవత్సరములు ఇరుపక్షములవారును వాదించిరి, పాదయాత్రలు చేసిరి, అర్జీలు పెట్టిరి, ఒకే పీఠము తీర్పునకై నిరీక్షించిరి. అన్నదమ్ములు పొలము గట్టుమీద కొట్టుకొనుట వేఱు, కొలత గొలుసు తెప్పించుట వేఱు. ఆ గొలుసును అందఱు నమ్మునట్లు కాపాడుకొనుటయే న్యాయమును గౌరవించుట.

పోషక మహాశయులకు మా విన్నపము. మీలో వర్తకులు కలరు, ఉద్యోగస్థులు కలరు, పరదేశములందు సంపాదించి స్వగ్రామమును మఱువనివారు కలరు. మన సంఘ వసతిగృహములకు మీరిచ్చిన విరాళములచే ఎందఱో వైద్యులును ఇంజనీరులును అయిరి. సంతోషమే. కాని న్యాయశాస్త్రము చదువుమని మన బిడ్డలను ప్రోత్సహించువారు తక్కువ. మొదటి అయిదాఱు సంవత్సరములు న్యాయవాదికి రాబడి లేదు. పేదయింటి బిడ్డ అంతకాలము ఓర్చుకొనలేక మఱియొక వృత్తికి పోవుచున్నాడు. ఆ సంవత్సరములందు అతనికి, విశేషించి ఆమెకు, మాసమునకింత యని భృతి యిచ్చి నిలబెట్టినచో, ఆ యొక్కరు నూఱు కుటుంబములకు అండయగుదురు. విగ్రహమునకు మాల వాడిపోవును. న్యాయవాదిని నిలబెట్టిన పుణ్యము తరముల వఱకు నిలుచును.

ఇక ఆ ప్రశ్నకు మా సమాధానము సంగ్రహముగ చెప్పి ముగింతుము. న్యాయస్థానములు మనకేమి చేసినవి గనుక గౌరవింపవలయునని యడిగినారు. గౌరవమనగా కృతజ్ఞతయే గాదు. తండ్రి ఆస్తిలో తనకును భాగము గలదని తెలిసిన కుమారుడు ఇంటి కప్పు కురియుచున్నచో బయటనుండి రాళ్లు రువ్వడు; నిచ్చెన వేసికొని పైకెక్కును. ఈ రాజ్యాంగము బాబాసాహెబుగారి చేతి వ్రాతలో మనకు వచ్చిన యాస్తి. న్యాయదినమును జరుపుమని మనమడుగుట భిక్ష గాదు. ఇంటివారు ఇంటి లెక్క యడుగుట. 1917లో ఈ పట్టణమందే మనవారు తమ పేరును తామే వ్రాయించుకొనిరి. ఒక శతాబ్దము దాటిన పిమ్మట, అదే పట్టణమునుండి, న్యాయమునకు ఏడాదికొక దినము లెక్క చెప్పవలసిన దినముగా వ్రాయించుట మన వంతు.

కావున ఈ తీర్మానమును ఏకగ్రీవముగ నంగీకరించి, ప్రభుత్వమువారికిని, ఉన్నత న్యాయస్థాన ప్రధాన న్యాయమూర్తిగారికిని, రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థకును పంపవలయునని ప్రార్థించుచున్నాము. ప్రభుత్వము ఉత్తరువు చేయునంతవఱకు మనము నిరీక్షింపనక్కఱలేదు. రాబోవు నవంబరు 26ననే ప్రతి గ్రామమందలి మన సంఘశాఖ ఒక బల్ల వేసి, ఇద్దఱు చదువుకొనిన యువతీయువకులను కూర్చుండబెట్టి, ఆ వాడలో ఎవరి కాగితము ఏ కచ్చేరిలో నిలిచిపోయినదో వ్రాసికొనవలయును. ఆ వ్రాతలే మన న్యాయదినోత్సవమునకు ప్రథమ నివేదిక యగుగాక.

 జై భీమ్! శుభం భూయాత్!